హెస్కెత్-ప్రిచర్డ్ (1876–1922)

హెస్కెత్ వెర్నన్ హెస్కెత్-ప్రిచర్డ్ బ్రిటిష్ సైనికాధికారి, కథారచయిత, యాత్రికుడు, వేటగాడు, క్రికెట్ ఆటగాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ రణరంగంలో బ్రిటిష్ సైనికులకు స్నైపింగ్ విద్యను పద్ధతి ప్రకారం నేర్పినవారిలో అతడు ముఖ్యుడు. ఆ అనుభవంతో 1920లో అతడు ప్రచురించిన ‘స్నైపింగ్ ఇన్ ఫ్రాన్స్’ ఆ విషయంపై తొలినాటి ప్రామాణిక గ్రంథాలలో ఒకటిగా నిలిచింది. స్నైపర్ అంటే మాటున దాగి, చాలా దూరం నుంచి, ఒక్కొక్క లక్ష్యాన్ని ఎంచుకొని కాల్చే సైనికుడు. ఈ పనికి గురి ఎంత అవసరమో అంతకు మించి ఓపిక, పరిశీలన అవసరమని ప్రిచర్డ్ వాదించాడు. అతడి జీవితాన్ని మొదటి నుంచి గమనిస్తే, వేటలోనూ, యాత్రల్లోనూ, అపరాధ పరిశోధన కథల్లోనూ అలవడిన ఆ పరిశీలనే యుద్ధరంగంలో అతడికి పనికొచ్చిందని, తుపాకి దాని వెనుక వచ్చిందని అర్థమవుతుంది.

బాల్యం, తొలి రచనలు

ప్రిచర్డ్ 1876 నవంబరు 17న ఝాన్సీలో పుట్టాడు. తండ్రి కింగ్స్ ఓన్ స్కాటిష్ బార్డరర్స్ అనే పటాలంలో అధికారి. కొడుకు పుట్టడానికి ఆరు వారాల ముందే అతడు టైఫాయిడ్‌తో మరణించాడు. తల్లి కేట్ కూడా సైనిక కుటుంబంలో పుట్టినదే. ఆమె పసిబిడ్డను తీసుకొని బ్రిటన్‌కు తిరిగి వెళ్లిపోయింది. అందువల్ల పుట్టిన ఊరితో అతడికి మిగిలిన బంధం పేరుకు మాత్రమే. ఎడింబరోలోని ఫెటిస్ కళాశాలలో చదువుకొని, ఆ తర్వాత న్యాయశాస్త్రం మొదలుపెట్టాడు కానీ న్యాయవాద వృత్తిలోకి దిగలేదు. అప్పటికే పత్రికలకు కథలు రాసి పంపడం అలవాటైంది.

ఆ రచనల్లో తల్లికి సమాన భాగం ఉంది. తల్లీకొడుకులిద్దరూ ‘ఇ. అండ్ హెచ్. హెరన్’ అనే మారుపేరుతో కలిసి రాశారు. రచయిత జె. ఎం. బారీ ద్వారా పత్రికాధిపతి సిరిల్ ఆర్థర్ పియర్సన్‌తో పరిచయం కలిగింది. పియర్సన్ తన మాసపత్రికకు దయ్యాల కథలు కావాలని అడిగాడు. అలా 1898–99లో వెలువడిన ఫ్లాక్స్‌మన్ లో కథలు ఆంగ్ల సాహిత్యంలో ఒక కొత్త రకం పాత్రకు దారి తీశాయి. ఫ్లాక్స్‌మన్ లో అతీంద్రియ ఘటనలను అపరాధ పరిశోధకుడిలా విచారించే మనిషి. దయ్యం ఉందన్న ఇంటికి వెళ్లి, అక్కడి నేలనూ గోడలనూ వాసననూ మనుషుల మాటలనూ పరీక్షించి, చివరకు కారణం ఏమిటో నిర్ణయిస్తాడు. పత్రిక వీటిని నిజంగా జరిగిన దయ్యాల కథలని ప్రకటించడంతో కొంత వివాదం కూడా రేగింది. తర్వాత తల్లీకొడుకులు సృష్టించిన డాన్ క్యూ అనే స్పానిష్ బందిపోటు పాఠకులకు మరింత నచ్చాడు. 1904లో పుస్తకంగా వచ్చిన ఆ కథలకు కొనసాగింపుగా 1909లో రాసిన ‘డాన్ క్యూస్ లవ్ స్టోరీ’ నవల ఆధారంగానే 1925లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన ‘డాన్ క్యూ, సన్ ఆఫ్ జోరో’ అనే మూకీ చిత్రం తయారైంది. అది విడుదలయ్యే నాటికి రచయిత జీవించి లేడు.

యాత్రలు, వేట, ఆట

పియర్సన్ అతడిని యాత్రికుడిగా కూడా వాడుకున్నాడు. కొత్తగా వెలువడుతున్న డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక కోసం మొదట హైతీకి పంపగా, ఆ ప్రయాణం 1900లో ‘వేర్ బ్లాక్ రూల్స్ వైట్’ అనే పుస్తకమైంది. నల్లజాతివారు స్వపరిపాలనకు తగరన్న వలస పాలకుల అహంకారమే ఆ పుస్తకానికి పునాది; దారులనూ సంతలనూ ఊళ్లనూ వర్ణించేటప్పుడు సూక్ష్మంగా చూసిన కన్ను, అక్కడి మనుషుల గురించి తీర్పు చెప్పేటప్పుడు మాత్రం ముందే మూసుకుపోయింది. అతడి పరిశీలనా శక్తిని ప్రశంసించేవారు ఈ పుస్తకాన్ని పక్కన పెట్టి మాట్లాడడం సరికాదు.

రెండవ యాత్ర దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాకు. అక్కడ అల్టిమా ఎస్పెరాంజా ప్రాంతంలోని ఒక గుహలో 1890లలో దొరికిన జంతుచర్మం ముక్క ఐరోపా శాస్త్రవేత్తల్లో పెద్ద చర్చ లేపింది. అది మైలోడాన్ అనే, ఎద్దు కన్నా పెద్దదైన, నేలపై తిరిగే స్లాత్ జాతి జంతువు చర్మం. వెంట్రుకలతో సహా ఎంత తాజాగా ఉందంటే, ఆ జంతువు ఇంకా ఎక్కడో అడవుల్లో బతికే ఉందేమోనని కొందరు నమ్మారు. దాన్ని వెతకడానికి పియర్సన్ ఖర్చుతో 1900లో బయలుదేరిన ప్రిచర్డ్, గుర్రాల మీద నెలల తరబడి ఆ మైదానాలూ కొండలూ అడవుల అంచులూ తిరిగి, మైలోడాన్ జాడ ఎక్కడా లేదని తేల్చి వచ్చాడు. ఆ చర్మం వేల ఏళ్ల నాటిదని, చలి వల్లా పొడి వాతావరణం వల్లా చెడకుండా మిగిలిందని తర్వాతి పరిశోధనలు నిర్ధారించాయి. వెతికినది దొరకకపోయినా 1902లో వచ్చిన ‘త్రూ ది హార్ట్ ఆఫ్ పటగోనియా’ అక్కడి జంతువుల గురించీ, తెహుయెల్చె ఆదివాసుల గురించీ ఎంతో సమాచారం ఇచ్చింది. ఆ ప్రాంతంలో తాను చూసిన ఒక నదికి అతడు తల్లి పేరు పెట్టాడు.

ఆ తర్వాతి పదేళ్లలో కెనడా, న్యూఫౌండ్‌లాండ్, నార్వే అడవుల్లో వేటాడాడు. 1910లో లాబ్రడార్ ద్వీపకల్పం లోపలికి, దోమల గుంపులతో పోరాడుతూ, వెళ్లి వచ్చి మరుసటి ఏడాది దాని మీద ఒక పుస్తకం రాశాడు. 1913లో వచ్చిన ‘నవంబర్ జో’ ఈ అడవి అనుభవానికి కథారూపం: కెనడా అడవుల్లో దారి చూపే ఒక యువకుడు విరిగిన కొమ్మను, బూట్ల గుర్తును, ఆరిన నిప్పును చదివి నేరస్థులను పట్టుకుంటాడు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయిల్‌కు స్నేహితుడైన రచయిత లండన్ పరిశోధకుడిని అడవిలోకి తీసుకెళ్లాడని విమర్శకులు అనడంలో తప్పు లేదు; అయితే హోమ్స్ సూచనలు ఎక్కువగా పుస్తకజ్ఞానం నుంచి వస్తే, జో సూచనలు వేటగాడు మోకాళ్ల మీద వంగి చూసినవి.

ఇదే కాలంలో అతడు హాంప్‌షైర్ క్రికెట్ జట్టుకు ఫాస్ట్ బౌలర్‌గా ఆడాడు. ఆరడుగులు దాటిన ఎత్తు వల్ల బంతి బాగా లేచేది. 1904లో ఒకే సీజన్‌లో వందకు పైగా వికెట్లు తీశాడు. వేటగాడే అయినా సంతానోత్పత్తి కాలంలో జంతువులను చంపడాన్ని వ్యతిరేకించి, స్కాట్లాండ్ తీరపు బూడిద రంగు సీల్ జంతువుల కోసం పత్రికల్లో వ్యాసం రాశాడు. అవి పిల్లలు పెట్టే నెలల్లో వేటను నిషేధిస్తూ 1914లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టానికి ఈ ప్రచారం తోడ్పడింది. 1908లో వెరులం ప్రభువు కుమార్తె ఎలిజబెత్ గ్రిమ్‌స్టన్‌ను వివాహం చేసుకున్నాడు.

ఫ్రాన్స్ కందకాల్లో

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు ప్రిచర్డ్ వయసు 37 ఏళ్లు. పోరాట పటాలాల్లో చేరడానికి చేసిన ప్రయత్నాలు వయసు కారణంగా ఫలించలేదు. చివరకు యుద్ధ కార్యాలయపు పత్రికా విభాగంలో పని దొరికింది. 1915 తొలి నెలల్లో, యుద్ధ విలేఖరులను ముందు వరసలకు తీసుకెళ్లి చూపించే అధికారిగా ఫ్రాన్స్ చేరాడు. ఈ ఉద్యోగమే, అనుకోకుండా, అతడికి కందకాలన్నిటినీ తిరిగి చూసే అవకాశమిచ్చింది.

అప్పటికి పశ్చిమ రణరంగంలో రెండు సైన్యాలూ ఎదురెదురుగా కందకాలు తవ్వుకొని, కొన్నిచోట్ల వంద గజాలు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ దూరంలో ఉన్నాయి. తల ఒక్క క్షణం పైకెత్తినా ప్రమాదమే. అక్కడ జర్మన్ స్నైపర్లది పైచేయిగా ఉండేది. వేట సంప్రదాయం బలంగా ఉన్న జర్మనీలో టెలిస్కోపిక్ సైట్ అమర్చిన వేట తుపాకులను అధికారులు యుద్ధారంభంలోనే సేకరించి ముందు వరసలకు పంపారు. జింకలను వెంటాడిన అడవి కాపలాదారులు కూడా వాటితో వచ్చారు. టెలిస్కోపిక్ సైట్ అంటే తుపాకి మీద బిగించే చిన్న కటకాల గొట్టం. దూరపు లక్ష్యాన్ని అది దగ్గరగా చూపుతుంది, మామూలు గురిలో కనబడని తెల్లవారుజాము, సంధ్య వేళల్లో కూడా కాల్చే వీలిస్తుంది. ఒక బ్రిటిష్ పటాలం ఒక్క రోజులోనే స్నైపర్ల తూటాలకు 18 మందిని కోల్పోయిందని ప్రిచర్డ్ తర్వాత రాశాడు. విలేఖరులతో తిరుగుతూనే అతడు తన సొంత వేట తుపాకులను వెంట తెచ్చుకోవడం, స్నేహితుల దగ్గర అరువు తీసుకోవడం, వాటితో కందకాల్లో రోజులు గడపడం మొదలుపెట్టాడు. జర్మన్లు వాడే ఉక్కు పలకలను మామూలు రైఫిల్ తూటా ఛేదించలేకపోతే, ఏనుగుల వంటి భారీ జంతువుల వేటకు చేసిన తుపాకులను ప్రయోగించి చూశాడు. అవి ఆ పలకలను చీల్చాయి.

తుపాకులు మాత్రమే చాలవని అతడికి త్వరలోనే తెలిసింది. బ్రిటిష్ పటాలాలకు అందిన టెలిస్కోపిక్ సైట్లను పరీక్షిస్తే, చాలా వాటి గురి సరిగ్గా సవరించి లేదు. సైనికుడు గురి పెట్టిన చోట కాక పక్కన ఎక్కడో తూటా తగిలేది. వాటిని ఎలా సవరించాలో, బిగింపు సడలకుండా ఎలా కాపాడుకోవాలో తెలిసినవారు తక్కువ. పైగా తూటాల క్లిప్పును పైనుంచి దింపడానికి అడ్డు రాకూడదని ఆ సైట్లను తుపాకికి ఎడమ పక్కన అమర్చారు. దానితో ఇరుకైన రంధ్రం గుండా తుపాకినీ సైట్‌నూ కలిపి చొప్పించడం కష్టమైంది. ఈ లోపాన్ని ప్రిచర్డ్ ఘాటుగా విమర్శించాడు. యంత్రాన్ని కొనేవాడు, దాన్ని వాడేవాడు ఒకరినొకరు ఎన్నడూ చూడకపోవడం సైన్యాలకు కొత్త జబ్బేమీ కాదు.

కందకాల కట్టుబడిని కూడా అతడు మార్చాలన్నాడు. బ్రిటిష్ వారు తమ కందకం ముందు మట్టిగట్టును నేల మీద గీత గీసినట్టు చదునుగా, శుభ్రంగా కట్టేవారు. అలాంటి గట్టు మీద ఏ తల కనిపించినా, ఏ ఇసుక సంచి కదిలినా శత్రువుకు వెంటనే తెలిసిపోతుంది. జర్మన్ గట్లు ఎగుడుదిగుడుగా, రకరకాల రంగుల సంచులతో, పగిలిన చెక్కలతో, ఉక్కు ముక్కలతో చెత్తకుప్పల్లా ఉండేవి. వాటి మధ్య కాల్పుల రంధ్రం ఎక్కడుందో కనిపెట్టడం చాలా కష్టం. శుభ్రతను మెచ్చుకునే అధికారులకు ఈ చెత్తే కవచమని ఒప్పించడానికి అతడు ఎంతో వాదించవలసి వచ్చింది.

అతడి ఉపాయాల్లో ముఖ్యమైనది జంట రంధ్రాల ఏర్పాటు. మామూలుగా ఒక ఉక్కు పలకకు రంధ్రం చేసి దాని వెనుక స్నైపర్ కూర్చునేవాడు. శత్రు స్నైపర్ ఆ రంధ్రాన్ని గుర్తిస్తే తూటాను అందులోంచే పంపేవాడు. ప్రిచర్డ్ ఆ పలక వెనుక కొంత దూరంలో రెండవ పలకను పెట్టించాడు. అది గాడిలో అటూ ఇటూ జరుగుతుంది, దాని రంధ్రం గుండానే స్నైపర్ చూస్తాడు. కాల్చేటప్పుడు రెండు రంధ్రాలనూ తన లక్ష్యం వైపు వరసకు తెచ్చుకుంటాడు. ముందు రంధ్రంలో దూరిన శత్రు తూటా సరిగ్గా అదే కోణంలో వస్తే తప్ప రెండవ పలకకు తగిలి ఆగిపోతుంది.

రెండవ ఉపాయం బొమ్మ తలలు. లండన్ నాటకశాలలకు వేషభూషలు తయారుచేసే విల్లీ క్లార్క్‌సన్ చేత, కాగితపు గుజ్జుతో, మనిషి తలలను నిజమైనవిగా భ్రమ కలిగేలా చేయించాడు. ఒక కర్రకు అమర్చిన తలను గట్టు మీదికి కొద్దికొద్దిగా ఎత్తేవారు; నమ్మకం కలగడానికి దాని నోట్లో సిగరెట్టు పెట్టి, కింది నుంచి రబ్బరు గొట్టంతో పొగ పీల్చేవారు. జర్మన్ తూటా తగలగానే, మనిషి పడిపోయినట్టు దాన్ని కిందికి దింపేవారు. తూటా ముందు నుంచి దూరి వెనుక నుంచి బయటికి వెళ్లిన రెండు రంధ్రాలూ అది వచ్చిన దారిని కచ్చితంగా చూపుతాయి. తలను మళ్లీ అదే ఎత్తున నిలబెట్టి, పెరిస్కోప్ సాయంతో ఆ రంధ్రాల గుండా చూస్తే ఆ గీత చివర శత్రు స్నైపర్ దాగిన చోటు దొరుకుతుంది. కాల్చినవాడే తన చిరునామా చెప్పేసినట్టు. నవంబర్ జో కథలు రాసిన మనిషికి తప్ప ఇలాంటి ఉపాయం సులభంగా తట్టదు.

లింగెమ్ పాఠశాల

మొదట జనరల్ అలెన్‌బీ నడిపిన మూడవ సైన్యంలోనూ, తర్వాత మొదటి సైన్యంలోనూ (ఇక్కడ ‘సైన్యం’ అంటే లక్షల మంది ఉండే ఒక పెద్ద యుద్ధ విభాగం) స్నైపింగ్ పనిని వ్యవస్థీకరించాక, 1916లో లింగెమ్ అనే ఊళ్లో మొదటి సైన్యపు స్నైపింగ్, పరిశీలన, గూఢచార శోధన పాఠశాలను ప్రిచర్డ్ స్థాపించాడు. ఆ పేరులోనే అతడి దృక్పథం ఉంది: కాల్చడం, చూడడం, శత్రు భూభాగంలో తిరిగి సమాచారం తేవడం అతడికి ఒకే విద్యలోని మూడు భాగాలు. ప్రముఖ స్కాటిష్ గురికాడు జార్జ్ గ్రే వంటివారు బోధకులుగా చేరారు. అక్కడ శిక్షణ పొందినవారు తమ పటాలాలకు తిరిగి వెళ్లి ఇతరులకు నేర్పడం వల్ల ఈ విద్య వేగంగా వ్యాపించింది. బ్రిటిష్ పటాలాలతో పాటు పోర్చుగల్ నుంచి వచ్చిన సైనికులకూ శిక్షణ ఇచ్చినందుకు ఆ దేశం అతడిని గౌరవించింది.

ప్రతి స్నైపర్ వెంట ఒక పరిశీలకుడు ఉండాలన్నది అక్కడి నియమం. పరిశీలకుడు పెద్ద టెలిస్కోప్‌తో శత్రు కందకాన్ని గమనించి, చూసినదాన్ని రోజూ ఒక పుస్తకంలో సమయంతో సహా నమోదు చేస్తాడు. కళ్లు అలిసిపోకుండా ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు. ఈ పనికి ప్రిచర్డ్ ఎక్కువగా మెచ్చుకున్నది లోవాట్ స్కౌట్స్ అనే స్కాటిష్ దళాన్ని. ఉత్తర స్కాట్లాండ్ కొండల్లో జింకల వేటకు సాయంగా వెళ్లే గిల్లీలు ఆ దళంలో ఉన్నారు. చిన్నప్పటి నుంచి టెలిస్కోప్‌తో కొండవాలు చూడడం వారికి అలవాటు. మాటు దుస్తులను, అంటే ఆకులూ గుడ్డపీలికలూ కుట్టి నేలలో కలిసిపోయేలా చేసిన వస్త్రాలను, వాడే పద్ధతి కూడా అక్కడ నేర్పారు.

ఈ పరిశీలన ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ప్రిచర్డ్ పుస్తకంలోని ఒక ఉదంతం చాలు. జర్మన్ కందకంలో జనం లేదని భావించిన ఒక భాగంలో, ఒక పిల్లి రోజూ ఎండలో పడుకోవడం ఒక పరిశీలకుడు నమోదు చేశాడు. ఎలుకలతో నిండిన కందకాల్లో పిల్లి సొంతంగా బతకగలిగినా, కదలకుండా నిశ్చింతగా పడుకుందంటే ఎవరో పెంచుతున్నారు. పిల్లిని పెంచుకునే వసతి సామాన్య సైనికుడికి ఉండదు. కాబట్టి కింద అధికారుల నివాసమేదో ఉందని తర్కించారు. విమానం నుంచి తీసిన ఫోటో దీన్ని బలపరచింది. తర్వాత ఫిరంగులు ఆ చోటు మీద గురిపెట్టాయి. ఒక తూటా కూడా పేల్చకుండా స్నైపర్ దళం చేసిన ఈ పనిని ప్రిచర్డ్ ఎంతో మురిపెంగా చెబుతాడు.

శత్రువు ప్రాణం గురించి అతడి రాతల్లో కనిపించే నిర్లిప్తత నేటి పాఠకుడికి మింగుడుపడదు. మాటు, జాడ, వెంటాడడం, కొట్టడం వంటి వేట మాటల్లోనే మనుషుల వేటనూ అతడు వర్ణిస్తాడు. ఎదుటివాడి నైపుణ్యానికి గౌరవం ఇస్తూనే అతడి చావును ఆటలో గెలుపుగా చెబుతాడు. యుద్ధాన్ని క్రీడగా చూసే ఎడ్వర్డియన్ ఉన్నత వర్గపు అలవాటును అతడు వదులుకోలేదు. అయినా ఆ కష్టమంతా పడింది తన సైనికుల ప్రాణాలు కాపాడటానికేనని అతడు పదేపదే చెప్పుకున్న మాట అబద్ధం కాదు. బొమ్మ తలలూ, జంట రంధ్రాలూ, గట్ల కట్టుబడీ ముందుగా రక్షణ ఉపాయాలే.

‘స్నైపింగ్ ఇన్ ఫ్రాన్స్’, చివరి రోజులు

యుద్ధ సేవలకు మిలిటరీ క్రాస్, డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ పతకాలు పొందిన ప్రిచర్డ్ ఆరోగ్యం 1917 చివరి నాటికి చెడిపోయింది. రక్తం విషపూరితమయ్యే వ్యాధి పట్టుకొంది. అప్పటికి యాంటీబయోటిక్ మందులు లేవు కాబట్టి వరుస శస్త్రచికిత్సలు తప్ప దారి లేకపోయింది. ఆ స్థితిలోనే రాసిన ‘స్నైపింగ్ ఇన్ ఫ్రాన్స్’కు మొదటి సైన్యపు అధిపతి జనరల్ హార్న్ ముందుమాట రాయగా, చిత్రకారుడు ఎర్నెస్ట్ బ్లైక్లీ బొమ్మలు వేశాడు. తాను ఎందరిని చంపాడో లెక్క చెప్పే ఆత్మకథ కాదిది. పద్ధతులు, పరికరాల లోపాలు, శిక్షణ, కొందరు మనుషుల వర్ణనలు, అధికారుల ఉదాసీనతపై సూటి ఫిర్యాదులు ఇందులో కలిసి ఉన్నాయి. కథారచయిత చెయ్యి పడిన చోట ఘటనలు చదివించే వేగం అందుకుంటాయి. సైనిక గ్రంథంగా చూసేవారు ఆ చోట్ల కొంచెం జాగ్రత్తగా చదవాలి.

1922 జూన్ 14న, 45 ఏళ్ల వయసులో, సెయింట్ ఆల్బన్స్ సమీపంలోని గోరంబరీలో అతడు మరణించాడు. రెండేళ్ల తర్వాత ఎరిక్ పార్కర్ అతడి జీవితచరిత్రను ప్రచురించాడు. కుమారుడు ఆల్ఫ్‌గార్ రెండవ ప్రపంచ యుద్ధంలో ఎస్.ఒ.ఇ. అనే రహస్య దళంలో అధికారిగా పనిచేసి, 1944 డిసెంబరులో ఆస్ట్రియా కొండల్లో మరణించాడు.

యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం స్నైపర్ పాఠశాలలను మూసేసింది. 1939 తర్వాత ఆ విద్యను చాలావరకు మళ్లీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. స్నైపర్లు రాసిన పుస్తకాల వరసలో ఆ తర్వాత ఎన్నో వచ్చాయి: కెనడా పటాలంలో పనిచేసిన అమెరికన్ హెర్బర్ట్ మెక్‌బ్రైడ్ 1933లో రాసినది, స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడిన వసీలీ జైత్సెవ్, 309 మందిని చంపినట్టు నమోదైన ల్యూద్మిలా పావ్లిచెంకో స్మృతులు, 2012లో వెలువడిన క్రిస్ కైల్ ఆత్మకథ. వాటిలో పాఠకులు ఎక్కువగా గుర్తుంచుకున్నవి వ్యక్తుల లెక్కలూ సాహసాలూ. ప్రిచర్డ్ పుస్తకాన్ని మాత్రం సైనిక చరిత్రకారులు నేటికీ ప్రధానంగా శిక్షణ కోసం, పరిశీలన పద్ధతుల కోసం తిరగేస్తారు.